బ్లాస్కెట్ ద్వీపచరిత్రము

చరిత్రమనగా రాజుల పట్టాభిషేకములు, యుద్ధములు, సంధులు మాత్రమే యని తలంచు నలవాటు చిరకాలమునుండి మనలో వేరూనియున్నది. ఒక యూరి జనులు ఏమి తిని బ్రతికిరి, శిస్తు లెవ్వరికి కట్టిరి, పిల్లల కే భాషలో చదువు చెప్పించిరి, తుద కేల ఊరు విడిచిపోయిరి అను ప్రశ్నలకు చరిత్రగ్రంథములలో చోటు మిక్కిలి తక్కువ. కాని యొక ప్రభుత్వముయొక్క గుణదోషములను తూచి చూడవలెనన్నచో దాని రాజధానిని చూచుటకంటె దాని పొలిమేరలోని మారుమూలపల్లెను చూచుట మేలని మా యభిప్రాయము. అట్టి పల్లెలలో నొకదాని కథను ఈ వ్యాసమున చెప్పదలచితిమి. ఆ పల్లె ఐర్లండుదేశపు పడమటి సముద్రములోని గ్రేట్ బ్లాస్కెట్ అను చిన్న ద్వీపము. రెండువందల జనసంఖ్యనైన నెరుగని యా యూరు ఎనిమిదేండ్లలో మూడు ఉత్తమగ్రంథములను లోకమున కిచ్చినది. పిమ్మట ఇరువదేండ్లు నిండకమునుపే ఆ యూరు పాడుపడినది. ఇంత కీర్తియు, ఇంత నాశమును ఒక్క తరమువారి కన్నులయెదుటనే యెట్లు సంభవించెనో విచారింపదగియున్నది.

ఐర్లండునకు నైరుతిమూల కెర్రీ మండలము. అందలి డింగిల్ అను ద్వీపకల్పము వ్రేలివలె సముద్రములోనికి చొచ్చుకొనిపోయినది. ఆ వ్రేలికొన కెదురుగా బ్లాస్కెట్ దీవులు ఆరు కలవు. వానిలో పెద్దది గ్రేట్ బ్లాస్కెట్. పెద్ద యనుట పేరునకే గాని, దాని పొడవు మూడు నాలుగు మైళ్ళకు మించదు. వెడల్పు చాలచోట్ల అరమైలు. నడుమ వెన్నెముకవలె సాగిన కొండ 292 మీటర్ల యెత్తు. పడమటిగాలి ధాటికి అచ్చట చెట్టు బ్రతుకదు. కొండచరియలు పెక్కుచోట్ల నిలువునా కడలిలోనికి దిగియున్నవి. ప్రధానభూమివైపు తిరిగిన ఈశాన్యపు కొనయందు మాత్రము నేల కొంచెము వాలుగా నున్నది. ఊరంతయు అచ్చటనే వెలసినది. ఊరికి చెంత తెల్లని యిసుకతీర మొకటి కలదు. పడవలు దిగు రేవు మాత్రము రాళ్ళనడుమ నొక యిరుకుసందు.

ప్రధానభూమి అచ్చటినుండి కంటికి మిక్కిలి చేరువ. అవ్వలి యొడ్డున నున్న డన్‌క్వీన్ అను పల్లెలోని యిండ్ల పొగ ద్వీపవాసులకు కనబడుచుండెడిది. కాని నడుమనున్న జలసంధి ప్రవాహములతోను, సుడులతోను, నీటిలో దాగిన రాళ్ళతోను నిండినది. స్పెయిను రాజు ఇంగ్లండుపైకి పంపిన మహానౌకాదళము 1588లో ఓడిపోయి, చెదరి, ఐర్లండు చుట్టును తిరిగి స్వదేశమునకు పోవుచుండగా, వానిలో కొన్ని యోడలు ఈ జలసంధిలో తలదాచుకొనజూచెను. సెప్టెంబరు మాసపు తుపానులో శాంటా మరియా డి లా రోసా అను గొప్ప యోడ అందరు చూచుచుండగనే మునిగిపోయెను. అందున్న వారిలో నొక్కడు మాత్రమే ప్రాణములతో ఒడ్డు చేరెను. ఆ యోడ శిథిలములు 1968లో నీటియడుగున కనుగొనబడినవి. మహాసామ్రాజ్యపు యుద్ధనౌక దాటలేని యా నీటిని బ్లాస్కెట్ జనులు తమ చిన్నపడవలలో దినదినమును దాటుచు మూడు నాలుగు తరములు సంసారములు చేసిరి.

పూర్వము ఆ దీవులు ఫెరిటర్ అను వంశమువారి యధీనమున నుండెను. ఆ వంశములో కవియు, నాయకుడునైన పియర్స్ ఫెరిటర్ ఆంగ్లప్రభుత్వముపై తిరుగుబాటు చేసి 1653లో ఉరితీయబడెను. తరువాత ద్వీపము కార్క్ ప్రభువను జమీందారునకు దక్కినది. పందొమ్మిదవ శతాబ్దిలో ప్రధానభూమిపై శిస్తు కట్టలేక, బ్రతుకుతెరువు లేక అల్లాడిన కుటుంబములు కొన్ని ద్వీపమునకు వచ్చి చేరెను. దూరమైన చోటైనను చేపలున్నవి, కుందేళ్ళున్నవి, కొండపైన వంటచెరకునకు పనికివచ్చు నాచుమన్ను కావలసినంత యున్నది. అన్నిటికంటె ముఖ్యముగా, జమీందారుని బంట్రోతు అచ్చటికి ఊరక రాలేడు. శిస్తు వసూలునకు వచ్చినవారిపై ఆడువారు గట్టుపైనుండి రాళ్ళు రువ్వి పడవలను త్రిప్పిపంపిన కథలు ఆ యూరివారు ముచ్చటగా చెప్పుకొనెడివారు.

1845లో మొదలైన యుర్లగడ్డతెగులు ఐర్లండు నెట్లు వల్లకాడు చేసెనో చరిత్రమెరిగినవారికి తెలిసినదే. దేశములో పదిలక్షలమంది చనిపోయిరి. అంతకంటె నెక్కువమంది సముద్రములు దాటి పోయిరి. ద్వీపమును ఆ యాపద విడువలేదు. 1841 జనాభాలెక్కలో 153 మందియున్న గ్రేట్ బ్లాస్కెట్‌లో 1851 నాటికి 97 మంది మిగిలిరి. అయినను సముద్రము వారికి కొంత తోడ్పడినది. ఆ దినములలో గోధుమలతో నిండిన యోడ యొకటి ద్వీపముచెంత బ్రద్దలు కాగా, ఆ ధాన్యముచే తాము బ్రతికి బయటపడితిమని పెద్దలు చెప్పెడివారు. ఒకరి ప్రాణము తీసిన సముద్రమే మరియొకరికి ప్రాణము పోయుట ఆ ద్వీపజీవనమున నిత్యము కనబడు వింత.

వారి యిండ్లు కొండవాలులోనికి త్రవ్వి రాళ్ళతో కట్టినవి. పైన మొదట రెల్లు, తరువాత తారుపూసిన మందపుగుడ్డ. ఒక్క గదియో, రెండు గదులో. వెనుకటి దినములలో ఆవు, గాడిద, కోళ్ళు, కుక్క, మనుష్యులు ఒక్క కప్పుక్రిందనే రాత్రులు గడపిరి. దీపమునకు చేపనూనె, సీలుజంతువుల క్రొవ్వు. ఆహారము ఉర్లగడ్డలు, ఉప్పుచేపలు, పాలు. దొరికినపుడు సముద్రపక్షులు, కుందేళ్ళు, సీలుమాంసము. గవ్వచేపలను, తినదగిన సముద్రపునాచును ఆడువారు నీళ్ళు తీసిన వేళ రాళ్ళపై నేరితెచ్చెడివారు. కొండమీద నాచుమంటిని గడ్డలుగా కోసి, యెండబెట్టి, గాడిదలపై నింటికి చేర్చుకొనుట యేటేట జరుగవలసిన పని. సముద్రపు కలుపునే ఎరువుగా పొలములకు మోసికొనిపోయెడివారు. ఇందులో నే పనియు ఒక్కరివలన కాదు. కావున ఒకరి చేతికి మరియొకరి చేయి తోడగుట ఆ యూరిలో ధర్మము మాత్రమే కాదు, ప్రాణాధారము.

వారి పడవ ప్రత్యేకముగా చెప్పదగినది. దానిని నేవోగ్ అందురు. సన్నని కొయ్యబద్దల చట్రముపై కిత్తానుగుడ్డ తొడిగి తారు పూసిన పడవ యది. దానిని బోర్లించి మువ్వురు నలుగురు తలపై నెత్తుకొని నడువగా, నల్లని పెద్దపురుగు కాళ్ళతో ప్రాకుచున్నట్లు కనబడును. రాతికి తగిలినచో గుడ్డ చినుగును. అయినను అలపై బెండువలె తేలును. ఆవును కొనిపోవలెనన్న కాళ్ళుకట్టి ఆ పడవలోనే పడుకొనబెట్టెడివారు. పెండ్లికూతురు వచ్చినదియు, శవము పోయినదియు ఆ పడవలోనే. ద్వీపమున గుడి లేదు, మతాచార్యుడు లేడు, వైద్యుడు లేడు, దుకాణము లేదు. ఆదివారపు ప్రార్థనకు డన్‌క్వీన్ పోవలెను. వైద్యుని కొరకు అచ్చటినుండి మరి పదిమైళ్ళు నడచి డింగిల్ పట్టణము చేరవలెను. సముద్రము పోటెత్తినచో ఈ రెండును వారములకొలది లేవు.

బయటి లోకపు నాగరకత వారికి తరచుగా ఓడశిథిలముల రూపమున వచ్చినది. ఒకప్పుడు తేయాకు పెట్టెలు కొట్టుకొనివచ్చినవట. ఆ యాకు నెరుగనివారై, ఒక యిల్లాలు దానితో తన లంగాలకు నల్లరంగు వేసికొనెను. మరియొకతె పందులకు పెట్టెను. మరికొన్ని యేండ్లకు అదే జనులు తేనీరు లేనిదే యుండలేనివారైరి. మొదటి ప్రపంచసంగ్రామకాలమున చేపల ధర హెచ్చెను. 1916లో క్వెబ్రా యను సరకుల యోడ ద్వీపముచెంత పగిలి, దాని సరకు తీరమంతట చెదరెను. లోకమునకు కాటకమైన యా యేండ్లు ద్వీపమునకు సుభిక్షములు. అప్పుడే జనసంఖ్య 176 వరకు పెరిగినది. అంతకు మించి యెన్నడును పెరుగలేదు.

ఆ యూరికొక రాజు కలడు. కిరీటము, సైన్యము లేని రాజు. పాట్రిక్ కీన్ అను పేరుగల యాయన, తెడ్డువేసి డన్‌క్వీన్‌నుండి ఉత్తరముల సంచిని తెచ్చు తపాలావాడు కూడ. బయటినుండి వచ్చినవారికి ఆతిథ్యమిచ్చుట, వార్తలు వినిపించుట, తగవు వచ్చినపుడు మంచిమాట చెప్పుట ఆయన రాచకార్యములు. 1929లో ఆయన చనిపోయిన పిదప మరియొక రాజు ఏర్పడలేదు. చలికాలపు రాత్రులందు జనులొక యింటిలో చేరి, నిప్పుచుట్టు కూర్చుండి, కథలు చెప్పుకొనుటయు, పాటలు పాడుటయు, వాదములు చేయుటయు నుండెడిది. ఒక్కొక్క కథ రాత్రులకొలది సాగెడిది. చదువను వ్రాయను రాని వృద్ధులు వందలకొలది కథలను కంఠస్థము చేసియుండిరి. మాటలో పొందిక, సామెతలో పదును, వర్ణనలో నిండుదనము లేనివానిని ఆ సభలో నెవరును వినరు. ఆ నిప్పుగూడే వారి విశ్వవిద్యాలయము.

ప్రభుత్వపు పాఠశాల మాత్రము వేరుదారిని నడచినది. 1860ల దశకమున అచ్చట బడి పెట్టబడినది. బిడ్డల యింటిభాష ఐరిష్. బడిలో నేర్పిన చదువు ఇంగ్లీషు. బిడ్డలు తమకు తెలియని భాషలో అక్షరములు దిద్దుకొనిరి. తమకు తెలిసిన భాషకు అక్షరములున్నవన్న సంగతియే వారికి చాలకాలము తెలియలేదు. ఐరిష్ కూలివాని భాషయనియు, ఇంగ్లీషు ఉద్యోగపుభాష, అమెరికాభాష యనియు తల్లిదండ్రులు కూడ నమ్మిరి. ఆ నమ్మకము పూర్తిగా తప్పని చెప్పుటకు వీలులేదు. అమెరికాకు పోవు పిల్లకు నిప్పుగూటికథలకంటె ఇంగ్లీషుముక్కలు నాలుగు ఎక్కువ యక్కరకు వచ్చినవి. భాషాభిమానులు ఈ సంగతిని మరచి తల్లిదండ్రులను నిందించుట న్యాయము కాదు.

ఇంతలో దేశమున గాలి మారినది. 1893లో డగ్లస్ హైడ్ మొదలగువారు గేలిక్ సంఘమును స్థాపించి ఐరిష్ భాషోద్ధరణకు పూనిరి. పట్టణములలో నశించిన భాష పడమటి తీరమున సజీవముగ నున్నదని పండితు లచ్చటికి పోసాగిరి. 1907లో నార్వేదేశపు యువపండితుడు కార్ల్ మార్‌స్ట్రాండర్ గ్రేట్ బ్లాస్కెట్ చేరి కొన్నినెలలు నివసించెను. ద్వీపవాసు లాయనను ఉత్తరదేశపు నావికుడని ముద్దుగా పిలిచిరి. 1910లో లండను బ్రిటిష్ మ్యూజియమునుండి రాబిన్ ఫ్లవర్ వచ్చెను. ఆయన పేరునకు పుష్పమని యర్థము గనుక వారాయనను ‘చిన్నపువ్వు’ అనిరి. ఆయన జీవితాంతము ఆ యూరికి పోవుచు వచ్చుచు నుండెను. 1946లో మరణింపగా ఆయన చితాభస్మమును ఆ ద్వీపముననే చల్లిరి. గొప్ప పండితులు చేపలు పట్టువాని యెదుట శిష్యులై కూర్చుండి అతని నోటిమాటను పలకపై దిద్దుకొనుట, విద్యయనగా పట్టముగలవానికే యని తలచువారు గమనింపదగిన దృశ్యము.

ఆ చేపలు పట్టువాడే తొమాస్ ఓక్రోహన్. 1850ల దశకమున జన్మించి, 1937లో మరణించెను. బడిలో ఇంగ్లీషు నేర్చినవాడు. వయస్సు ముదిరిన తరువాత, డన్‌క్వీన్‌లో గాలివానకు చిక్కి యొక యింట నిలిచిపోయిన దినములలో, ఆ యింటి పిల్లల ఐరిష్ పుస్తకములు చూచి తన మాతృభాషను చదువ నేర్చెను. ఆయన బ్రతుకు సుఖమైనది కాదు. పదిమంది బిడ్డలను కని, పెక్కుమందిని పోగొట్టుకొనెను. ఒకడు కొండచరియనుండి పడి చనిపోయెను. తట్టు, కోరింతదగ్గు ఇద్దరిని గొనిపోయెను. మరియొక కుమారుడు 1909లో, డబ్లిన్‌నుండి వచ్చిన యొక యువతి నీట మునుగుచుండగా రక్షింపబోయి తానును మునిగిపోయెను.

1917లో బ్రయన్ కెల్లీ యను విద్యావంతుడు కిలార్నీనుండి ద్వీపమునకు వచ్చి తొమాస్‌ను వ్రాయుమని ప్రోత్సహించెను. సామాన్యుల బ్రతుకు గ్రంథమగునా యని సందేహించిన యాయనకు, కెల్లీ రష్యారచయిత గోర్కీ పుస్తకములను, ఫ్రెంచిరచయిత పియెర్ లోటీ బెస్తలపై వ్రాసిన నవలను చదివి వినిపించెను. పేదవాని బ్రతుకు పుస్తకమగునని తెలిసినపిమ్మట ఆయన కలము ఆగలేదు. దినచర్యగా వ్రాసిన యొక గ్రంథము 1928లోను, ‘ద్వీపవాసి’ యను స్వీయచరిత్ర 1929లోను వెలువడినవి. ఫ్లవర్ రెండవదానిని 1934లో ఇంగ్లీషు చేసెను. ఆ గ్రంథమున కన్నీరు లేదు, ఫిర్యాదు లేదు. కొడుకు మరణమును, సీలువేటను, తేయాకు పెట్టెను ఒకే నిలుకడతో చెప్పుకొనిపోయెను. తాము పోయినపిమ్మట తమవంటివారుండిరని లోకమునకు గురుతుండవలెననియే వ్రాసితినని యాయన యభిప్రాయము.

రెండవ గ్రంథకర్త మారిస్ ఓసలివన్, 1904లో ద్వీపముననే పుట్టినవాడు. పసితనమున తల్లి చనిపోవుటచే డింగిల్‌లో పెరిగి, తరువాత ద్వీపమునకు తిరిగివచ్చి ఐరిష్ నేర్చెను. 1923లో కేంబ్రిడ్జినుండి వచ్చిన జార్జ్ థామ్సన్ అను గ్రీకుభాషావిద్యార్థి ఆతనికి ఆప్తమిత్రుడయ్యెను. హోమరుకావ్యములు నోటినుండి నోటికెట్లు సాగియుండునో తాను బ్లాస్కెట్ నిప్పుగూడుచెంతనే తెలిసికొంటినని థామ్సన్ పిమ్మట చెప్పెను. అమెరికాకు పోనెంచిన మారిస్‌ను ఆయనయే ఆపి, ఐరిష్ రక్షకభటులలో చేరుమని నచ్చజెప్పెను. మారిస్ వ్రాసిన ‘ఎదుగుదలకు ఇరువదేండ్లు’ 1933లో వెలువడి, ఆ యేడే ఇంగ్లీషులోనికి మార్పబడెను. మూడవది పెగ్ సేయర్స్ అను స్త్రీ చరిత్రము. ప్రధానభూమిన పుట్టి, 1892లో ద్వీపపు కోడలై వచ్చిన యామె చెప్పుచుండగా కుమారుడు వ్రాసెను; 1936లో అచ్చయ్యెను. అమె నోటినుండి జానపదవాఙ్మయసంఘమువారు వందలకొలది కథలను వ్రాసికొనిరి. ఆమె తన చేతితో గ్రంథము వ్రాయలేదు. అయినను ఐర్లండులో రెండుమూడు తరముల బాలురకు ఆమె గ్రంథము పాఠ్యపుస్తకమైనది.

1922లో ఐరిష్ స్వతంత్రరాష్ట్రము ఏర్పడినది. దాని రాజ్యాంగము ఐరిష్‌ను జాతీయభాషగా ప్రకటించెను. 1937 రాజ్యాంగము మొదటి యధికారభాషగా నుంచెను. పాఠశాలలలో ఐరిష్ నిర్బంధమయ్యెను. ఉద్యోగమునకు ఐరిష్ కావలసివచ్చెను. మంత్రులు వేదికలపై ఐరిష్‌తో ప్రసంగము ప్రారంభించిరి. బ్లాస్కెట్ గ్రంథములు జాతినిక్షేపములని కొనియాడబడెను. ఇక ఆ గ్రంథములు పుట్టిన యూరిమాట యేమి?

సంగ్రామము ముగిసినతోడనే మాకెరెల్ చేపల ధర పడిపోయెను. ఇంజనుపడవలు, విదేశపు పెద్దపడవలు తీరమునకు రాగా, తెడ్లతో నడచు నేవోగ్‌లు వానితో పోటీపడలేకపోయెను. లాబ్‌స్టర్ అను పెద్దరొయ్య కొంత ఆదుకొనినను చాలలేదు. యువకులు, అంతకంటె ముందుగా యువతులు, అమెరికాకు పోసాగిరి. మస్సాచుసెట్స్ రాష్ట్రములోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున బ్లాస్కెట్ కుటుంబములు చాల చేరెను. ముందుపోయిన యక్క కూలిడబ్బు కూర్చి చెల్లెలికి టిక్కెట్టు పంపును. ఆ చెల్లెలు తమ్మునికి పంపును. ప్రయాణమునకు ముందురాత్రి ఇంటనున్నవారు చనిపోయినవానికి చేయునట్లే జాగరణము చేసెడివారు. ద్వీపమున మిగిలిన పిల్లవానిని పెండ్లాడి యా కొండకు రాగల పిల్ల ప్రధానభూమిన దొరకలేదు. పెండ్లిండ్లు నిలిచెను, ఉయ్యెలలు నిలిచెను. 1941లో చదువుకొను పిల్లలు చాలనందున బడి మూయబడెను. 1942లో పెగ్ సేయర్స్ కూడ ద్వీపము విడిచెను. ఒక యూరికి బడి మూతపడుట అక్షరముతో వ్రాయని మరణశాసనమని మేము తలంతుము.

ఇక 1947 సంవత్సరము. ఆ శీతకాలము యూరోపునంతయు గడ్డకట్టించినది. సంవత్సరారంభమున ద్వీపమున నొక యువకుడు మెదడుపొరల వాపుచే పడకవేసెను. వయస్సు ఇరువదినాలుగు. తుపానుచే పడవ సాగదు, వైద్యుడు రాలేడు. ఆతడు వైద్యుని ముఖము చూడకయే మరణించెను. శవమును ఒడ్డు చేర్చుటకు కూడ దినములు పట్టెను. ఆతడు పోవుట ఇరుగుపొరుగుల ధైర్యమును విరిచినది. రోగమువచ్చిన నీరీతి చావవలసినదే గదా యని వృద్ధులే పలికిరి. ఏప్రిలులో మరల తుపాను పట్టెను. ద్వీపమునుండి ప్రధానమంత్రి డి వలేరాకు తంతి పోయెను: గాలివానలో చిక్కితిమి, తినుట కేమియు లేదు, ఆహారము పంపుడని. ఆహారము పంపబడెను. జూలైలో డి వలేరా స్వయముగా ద్వీపమునకు వచ్చి, జనులతో ఐరిష్ భాషలో మాటాడి, వారి కష్టములు విని వెళ్ళెను.

ద్వీపవాసులు కోరినది అద్భుతమేమియు కాదు. కొందరు మంచి రేవును కోరిరి. తుదకు మిగిలినవారు తమ్ము ఒడ్డునకు చేర్చి, తలదాచుకొన నిండ్లిమ్మని కోరిరి. కార్యాలయములు ఆలోచించెను, కమిటీలు విచారించెను, కాగితములు ఒక శాఖనుండి మరియొక శాఖకు నడచెను. అట్లు ఆరేండ్లు గడచెను. 1953 నవంబరు 17వ తేదీన ఒక పడవ వారిని గొనిపోవ వచ్చెను. అప్పటికి మిగిలినవారు 22 మంది. ఆ దినమును సముద్రము శాంతింపలేదు. నిప్పుగూళ్ళు చల్లారెను. డన్‌క్వీన్‌లో ప్రభుత్వము కట్టించిన క్రొత్తయిండ్లలో వారు కాపురము పెట్టిరి. ఆ యిండ్ల వాకిట నిలిచినచో ఎదుట తమ పాతయూరు, కప్పులు కూలుచున్న తమ యిండ్లు కనబడుచుండెను. మండలములోనే యుండియు ప్రవాసులైన వారి దుఃఖము స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని బంధువుల దుఃఖముకంటె తక్కువదని చెప్పలేము.

ఇందులో తప్పెవరిది? కేవలము ప్రభుత్వమునే నిందించుట సులభము. అది సత్యమున కొకవైపు మాత్రమే. 1891లో ఏర్పడిన దరిద్రమండలాభివృద్ధి సంఘము 1907లో ద్వీపమును జమీందారునినుండి కొని, చెదరియున్న పొలపుముక్కలను ఒక్కచోటికి చేర్చి పంచియిచ్చెను. క్రొత్తయిండ్లు ఐదు కట్టించెను. తరువాతి ప్రభుత్వమును తంతివార్తకు బదులు పలికినది. చేపల ధరను, అమెరికా యాకర్షణను, పిల్లల మనస్సును ఏ ప్రభుత్వమును శాసింపలేదు. సుఖము కోరి పోయిన పిల్లను తిరిగిరమ్మని, భాషకొరకు చలిలో పస్తుండుమని చెప్పుట కెవరికి నధికార మున్నది? ద్వీపజీవనమును స్వర్గముగా వర్ణించువారిలో నచ్చట రెండు చలికాలములు గడపినవారు తక్కువ.

అయినను ఒక ప్రశ్న మిగిలియే యున్నది. భాషకొరకు చట్టములు చేసి, పాఠ్యపుస్తకములు అచ్చువేసి, పరీక్షలు పెట్టిన రాష్ట్రము, ఆ భాష పుట్టుకతో మాటాడు నూటయేబది మందికి సకాలమున నిలుకడైన రేవును, వేగముగా పోగల యింజనుపడవను, పిలిచిన వచ్చు వైద్యుని సమకూర్చియుండినచో కథ వేరుగా నుండెడిది కాదా? ఉండెడిదని మేము నిశ్చయముగా చెప్పము. కాని ఆ ప్రయత్నము పూర్తిగా జరిగియుండినచో, పోయినవారు పోదలచి పోయినవారగుదురు. గతిలేక పోయినవారు కారు. ఈ రెంటి నడుమ గొప్ప భేదమున్నది. ప్రజల భాషను పూజించి, ఆ ప్రజల కాళ్ళక్రింది నేలను మరచుట వట్టి విగ్రహారాధనము. విగ్రహమునకు ఆకలి లేదు. భాష మాటాడు నోటికి ఆకలియున్నది.

తరువాతి కథయు విచిత్రమే. నిర్జనమైన ద్వీపముపై లోకమునకు ప్రేమ యెక్కువయ్యెను. 1989లో ఐరిష్ శాసనసభ దానిని జాతీయచారిత్రకోద్యానముగా చేయుటకు చట్టము చేసి, అందలి భూములను నిర్బంధముగా కొనుట కధికారమిచ్చెను. 1953కు పూర్వ మచ్చట నివసించినవారికి, వారి సంతతికి మినహాయింపు నిచ్చెను. పుట్టుకనుబట్టి భూస్వాములలో భేదము చూపుట రాజ్యాంగవిరుద్ధమని సర్వోన్నతన్యాయస్థానము 1999లో ఆ చట్టమును కొట్టివేసెను. డన్‌క్వీన్‌లో ద్వీపచరిత్రమును చూపు మందిర మొకటి వెలసినది. వేసవిలో యాత్రికులు పడవలపై పోయి, కూలిన గోడల నడుమ తిరిగి వత్తురు. వేసవికాలమున అచ్చట నుండి అతిథిగృహమును, తేనీటి దుకాణమును చూచుకొనుటకు ఇద్దరు కావలెనని 2020లో ప్రకటింపగా, లోకము నలుమూలలనుండి వేలకొలది యర్జీలు వచ్చినవి. యాత్రికులకు తేనీరు దొరకు నా చోటనే, ఒకప్పుడు తినుట కేమియు లేదని తంతి పంపబడినది. శీతకాలము రాగానే ఆ యిద్దరును తిరిగి వత్తురు. కొండ సీలుజంతువులకును గొఱ్ఱెలకును మిగులును.

బ్లాస్కెట్‌వారు మనకు నేర్పిన పాఠములు రెండు. మొదటిది: వాఙ్మయమునకు రాజాస్థానము, ధనము, పాండిత్యపట్టము అవసరము కావు. నిప్పుగూటిచెంత చక్కగా మాటాడ నేర్చినవాడు, తాను చూచినది చూచినట్లు చెప్పగల ధైర్యముగలవాడు గ్రంథకర్త కాగలడు. రెండవది మొదటిదానికంటె కఠినము: గ్రంథము నిలిచినంతమాత్రమున జనులు నిలువరు. తొమాస్ తన పుస్తకమున తన యూరిని కాపాడెను. అది యాతని వంతు. ఊరిని ఊరుగా కాపాడుట యితరుల వంతు. దేశమున భాషాభివృద్ధికై సభలు చేయువారు, గ్రంథములు ప్రకటించువారు, ఆ భాషను వెలలేనిదిగా పొగడువారు, ఆ భాషను ఇంట మాటాడు పేదవాని ఊరికి దారి యున్నదా, బడి యున్నదా, రాత్రివేళ జ్వరము వచ్చినచో వైద్యుడు రాగలడా యని ముందు విచారింతురుగాక. ఆ విచారణలేని పొగడ్త, ఎంత తీయనిదైనను, చనిపోయినవాని తలకడ చదివిన కీర్తనమే యగును.